రేడియో బటను నొక్కగానే ప్లాటర్ ఆరిపోతోంది, మీటరులో మాత్రం 12.6 వోల్టులు: చిన్న తెరచాప పడవలో లోపాన్ని ఎలా పట్టుకోవాలి?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా చెబుతాను. మీది 8 మీటర్ల తెరచాప పడవ, 12 వోల్టుల వ్యవస్థ. వీహెచ్ఎఫ్ రేడియోలో మాట్లాడటానికి బటను నొక్కగానే చార్ట్ ప్లాటర్ (సముద్ర పటం మీద పడవ ఉన్న చోటు చూపే తెర) ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటోంది. అదే క్షణంలో మాస్ట్ (తెరచాప స్తంభం) కొన మీది దీపం మసకబారుతోంది. ఉదయం ఇంజను స్టార్ట్ చేయబోతే టక్కుమని శబ్దం వచ్చి ఊరుకుంటోంది, నాలుగైదు సార్లు నొక్కితే గానీ తిరగడం లేదు. బ్యాటరీ కొత్తది, ప్యానెల్ దగ్గర ఎక్కడ మీటరు పెట్టినా 12.6 వోల్టులు చూపిస్తోంది. ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి బ్యాటరీని చార్జి చేసే యంత్రం) మార్చాలా, లేక చూసినవారు చెప్పినట్టు పడవ మొత్తానికీ కొత్త వైరింగు వేయించాలా అన్నది మీ సందేహం.

ఇప్పటికి రెండూ అక్కరలేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, పరికరాలన్నీ ఉమ్మడిగా వాడుకునే దారిలో, అంటే బ్యాటరీకీ స్విచ్ ప్యానెల్‌కూ మధ్య, ఏదో ఒక జాయింటు పాడై ఉండాలి. బ్యాటరీ పోస్టుల మీది క్లాంపులు, మెయిన్ స్విచ్, నెగటివ్ వైర్లన్నీ వచ్చి చేరే బస్‌బార్, ఈ మూడింటినీ ఆ వరుసలోనే అనుమానించండి. ఇంజను మొరాయింపుకు కారణం వేరే ఉండవచ్చు, దాని గురించి కింద రాశాను. లోడు, అంటే కరెంటు లాగే పరికరం, నడవనప్పుడు తీసిన వోల్టేజిని నమ్మకండి. లోడు నడుస్తుండగా, బ్యాటరీ నుంచి పరికరం దాకా ఒక్కో అంచెలో ఎంత వోల్టేజి పోతోందో కొలవండి, నెగటివ్ వైపు కూడా తప్పక కొలవండి.

మీటరు 12.6 చూపడానికి కారణం ఇది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం దాదాపు 1 కోటి ఓమ్‌లు ఉంటుంది కనుక, అది లాగే కరెంటు ఒక ఆంపియర్‌లో పదిలక్షల వంతుకు కాస్త ఎక్కువ, అంతే. దారిలో చిలుము పట్టిన జాయింటు ఒకటి ఉండి, దాని నిరోధం 0.5 ఓమ్ అనుకుందాం. అంత చిన్న కరెంటు ఆ జాయింటు గుండా పోయినప్పుడు నష్టపోయే వోల్టేజి మామూలు మీటరు చూపలేనంత తక్కువ. 0.3 ఆంపియర్లు తీసుకునే క్యాబిన్ ఎల్‌ఈడీ దీపం వెలిగిస్తే 0.15 వోల్టు పోతుంది, దాన్నీ కన్ను పట్టదు. అదే వీహెచ్ఎఫ్ రేడియో 25 వాట్ల మీద ప్రసారం చేసేటప్పుడు సుమారు 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. 5.5 ఆంపియర్లను 0.5 ఓమ్‌తో గుణిస్తే 2.75 వోల్టులు. 12.6లో నుంచి అంత పోతే ప్లాటర్‌కు అందేది 9.85 వోల్టులు, చాలా ప్లాటర్లు 10 వోల్టుల ప్రాంతంలోనే చేతులెత్తేస్తాయి. బటను వదలగానే వోల్టేజి తిరిగి వచ్చేస్తుంది కనుక, మీరు మీటరు తీసుకుని వెళ్లేసరికి అంతా సవ్యంగా కనిపిస్తుంది.

దీన్ని ఒక్క నిమిషంలో నిర్ధారించుకునే మార్గం మీ రేడియోలోనే ఉంది. ప్రసార శక్తిని 25 వాట్ల నుంచి 1 వాటుకు తగ్గించి మాట్లాడి చూడండి. 1 వాటు మీద ప్లాటర్ నిలిచి, 25 వాట్ల మీద ఆరిపోతే, లోపం విద్యుత్ సరఫరాలో ఉందనడానికి అది గట్టి ఆధారం. 1 వాటు మీద కూడా ఆరిపోతుంటే మాత్రం సరఫరాతో పాటు ప్లాటర్ సొంత ప్లగ్గును, యాంటెన్నా కేబుల్‌ను కూడా అనుమానించాలి. ఈ పరీక్షకు 16వ చానెల్ వాడకండి, అది ఆపద పిలుపులకు కేటాయించినది. యాంటెన్నా తగిలించకుండా ప్రసారం చేస్తే రేడియో ప్రసార భాగమే దెబ్బతినే ప్రమాదం ఉంది.

అసలు కొలతలకు దిగే ముందు కొన్ని జాగ్రత్తలు. ఒడ్డు నుంచి తెచ్చుకునే ఏసీ కేబుల్ ఉంటే దాన్ని పూర్తిగా ఊడదీయండి. నేను ఇక్కడ రాసేదంతా 12 వోల్టుల డీసీ గురించే. 12 వోల్టులు ఒంటికి షాక్ ఇవ్వకపోయినా, బ్యాటరీ పోస్టుల మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. వేళ్ల ఉంగరాలు, చేతి గొలుసులు తీసేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక, పెట్టె మూత తీసి గాలి ఆడనిచ్చాకే పని మొదలుపెట్టండి. క్లాంపులు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

పరీక్షకు స్థిరమైన లోడు కావాలి, రేడియో బటను నొక్కి పట్టుకుని కొలతలు తీయడం కుదరదు. పాత కారు హెడ్‌లైట్ 55 వాట్ల బల్బుకు రెండు మొసలి క్లిప్పులు అతికించి ఉంచుకుంటే అది దాదాపు 4.5 ఆంపియర్లు లాగుతుంది, అంటే మీ రేడియో ప్రసారానికి దగ్గరి లోడు. బల్బు బాగా వేడెక్కుతుంది కనుక దాన్ని ఫైబర్‌కూ గుడ్డలకూ దూరంగా పెట్టండి. మీటరు ప్రోబులు అంత దూరం అందవు కాబట్టి, పడవ పొడవుకు సరిపోయే సన్నటి వైరు ఒకటి, దానికి రెండు వైపులా క్లిప్పులు కూడా అవసరం. నా పరికరాల పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినవి ఈ బల్బూ ఈ వైరూనే.

రేడియో వెనక పవర్ ప్లగ్గు విప్పి, అది వచ్చే చోట బల్బును తగిలించి వెలిగించండి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టుకు ఆనించండి. ఇక్కడ గమనించవలసింది, ప్రోబు ఆనవలసింది సీసపు పోస్టుకే గానీ, దాని మీది క్లాంపుకు కాదు. క్లాంపుకు ఆనిస్తే ఆ రెండింటి మధ్య ఉన్న లోపం మీ కొలతలోకి రానే రాదు. రెండో ప్రోబును పొడవు వైరు ద్వారా బల్బు నెగటివ్ కొసకు చేర్చండి. మీటరు చూపే అంకె నెగటివ్ దారి మొత్తంలో పోతున్న వోల్టేజి. అదే విధంగా పాజిటివ్ పోస్టు నుంచి బల్బు పాజిటివ్ కొసకు కొలవండి. రెండూ కలిపితే ఎంతో, అంత వోల్టేజి మీ పరికరానికి అందడం లేదన్నమాట.

ఎంత వరకు సహించవచ్చు? పడవల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే అమెరికా సంస్థ ఏబీవైసీ, నావిగేషన్ దీపాలు, ఎలక్ట్రానిక్ పరికరాల వంటి ముఖ్యమైన సర్క్యూట్లకు 3 శాతం, మిగిలినవాటికి 10 శాతం నష్టాన్ని హద్దుగా పెట్టింది. 12 వోల్టులకు 3 శాతం అంటే 0.36 వోల్టు, అదీ రానూపోనూ దారులు రెండూ కలిపి. మీ పడవలో ఒక వైపే 1 వోల్టుకు మించి కనిపిస్తుందని నా అంచనా.

అంకె ఎక్కువగా వచ్చిన వైపును ఇప్పుడు ముక్కలు చేయండి. మొదటి ప్రోబును పోస్టు మీదే ఉంచి, రెండోదాన్ని బల్బు నుంచి వెనక్కు జరుపుతూ రండి: ప్యానెల్ స్క్రూ, బస్‌బార్ మీద వైరు లగ్గు (వైరు కొసకు నొక్కి వేసే లోహపు రింగు), బస్‌బార్ లోహం, మెయిన్ కేబుల్ లగ్గు, మెయిన్ స్విచ్ రెండు బోల్టులు, చివరగా బ్యాటరీ క్లాంపు. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో, దోషం ఆ రెండింటి మధ్య ఉంది. మంచి జాయింటు దగ్గర 5 ఆంపియర్లకు కొన్ని మిల్లీవోల్టులకు మించి పోవు. పాజిటివ్ వైపున ఫ్యూజు హోల్డరును కూడా ఒక అంచెగా లెక్కపెట్టండి, గాజు ఫ్యూజుల స్ప్రింగు పట్టీలు పైకి మెరుస్తూనే లోపల పట్టు కోల్పోతాయి.

నెగటివ్ వైపును ఎందుకు ఇంతగా పట్టుబడుతున్నానంటే, పాజిటివ్ వైపు ప్రతి పరికరానికీ విడిగా ఫ్యూజూ స్విచ్చూ ఉంటాయి, అక్కడ చెడితే సాధారణంగా ఒక్క పరికరమే ఆగుతుంది. నెగటివ్ వైపు అన్నీ కలిసి ఒకే కేబుల్ మీద తిరిగి వస్తాయి. అక్కడ చెడితే ఒకదాని బరువు మరొకదాని మీద పడుతుంది. రేడియో నొక్కితే ప్లాటర్ ఆరడం, పంపు తిరిగితే దీపం తగ్గడం వంటి వింతలు అక్కడి నుంచే వస్తాయి. పైగా ఆ బస్‌బార్‌ను ప్యానెల్ వెనక చేయి పట్టని చోట బిగిస్తారు కనుక ఏళ్ల తరబడి ఎవరూ చూడరు.

మీ కేసును పోలిన పడవ ఒకటి నా దగ్గరకు వచ్చింది. బస్‌బార్ పైకి శుభ్రంగా ఉంది, నట్లు గట్టిగానే ఉన్నాయి, వైర్లు కొత్తవి. బల్బు వెలిగించి కొలిస్తే బస్‌బార్‌కూ మెయిన్ నెగటివ్ లగ్గుకూ మధ్య 0.9 వోల్టు పోతోంది. నట్టు విప్పితే సంగతి తెలిసింది: వైరింగు చేసినవారు ముందు బోల్టులోకి స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ వేసి, దాని మీద లగ్గు పెట్టి బిగించారు. స్టెయిన్‌లెస్ విద్యుత్తును మోసే శక్తి రాగిలో దాదాపు 40వ వంతు మాత్రమే; దాని కింద సన్నటి పొరలాగా ఉప్పు, పచ్చటి చిలుము చేరాయి. వాషర్‌ను తీసి, లోహాన్ని మెరిసే దాకా గీకి, లగ్గును నేరుగా బస్‌బార్‌కు ఆనించి, వాషర్‌ను లగ్గు పైన వేసి బిగించాక నష్టం మీటరులో కనపడనంతకు తగ్గింది. అంతకు ముందు ఆ పడవకు ప్లాటర్‌నూ బ్యాటరీనీ మార్చేశారు.

దోషం దొరికాక మరమ్మతు ఎలా చేయాలన్నది ముఖ్యమే. లగ్గు వెనక వైరు పైతొడుగును కొంచెం కోసి చూడండి. లోపలి రాగి ఎర్రగా మెరుస్తుంటే కొత్త లగ్గు వేస్తే చాలు. నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించే దాకా కోసుకుంటూ వెళ్లండి. ఉప్పు నీరు తొడుగు లోపల తీగపోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది కనుక, నల్లదనం జానెడు దాటితే ఆ వైరు మొత్తం మార్చడమే మేలు. కొత్తగా వేసేది తగరం పూత పూసిన సన్నపోగుల రాగి వైరు కావాలి. లగ్గును రాచెట్ క్రింపింగ్ టూల్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. సోల్డరింగ్ ఒక్కదాని మీదే ఆధారపడకండి. కరిగిన సీసం పోగుల్లోకి పాకి వైరును కర్రలాగా గట్టిపరుస్తుంది, ఆ గట్టిదనం ముగిసే గీత దగ్గరే కుదుపులకు తెగిపోతుంది. ఫ్యూజు తరచూ పోతోందని అంతకన్నా పెద్దది వేయడం ఏ పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా చూడటానికే.

ఇక మాస్ట్ దీపం. ఉమ్మడి జాయింటు బాగుపడితే రేడియో నొక్కినప్పుడు మసకబారడం ఆగిపోతుంది. మామూలుగా కూడా కాంతి తక్కువగానే ఉంటే, దూరం ఒక కారణం కావచ్చు. మాస్ట్ కొన నుంచి ప్యానెల్‌కు 15 మీటర్లనుకుంటే రానూపోనూ 30 మీటర్ల వైరు. అది 1 చదరపు మిల్లీమీటర్ వైరైతే నిరోధం అర ఓమ్‌కు పైనే, 25 వాట్ల పాత బల్బు లాగే 2 ఆంపియర్లకు 1 వోల్టు పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్లైతే 0.4 వోల్టు దగ్గర ఆగుతుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే కాంతి దాదాపు 30 శాతం పడిపోతుంది. 12 మీటర్ల లోపు పడవల నావిగేషన్ దీపాల్లో వెనక దీపం 2 మైళ్లు, పక్క దీపాలు 1 మైలు కనిపించాలని 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాలు చెబుతున్నాయి కాబట్టి ఇది చూసీచూడనట్టు వదిలేసే విషయం కాదు. మాస్ట్ దించి వైరు మార్చడం కన్నా, ఆమోదం పొందిన ఎల్‌ఈడీ దీపం వేసుకోవడం తేలిక. దాని కరెంటు పాతదానిలో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది కనుక సన్నటి వైరు కూడా సరిపోతుంది. అయితే నాసిరకం ఎల్‌ఈడీ సర్క్యూట్లు వీహెచ్ఎఫ్ యాంటెన్నా పక్కనే ఉండి రేడియోలో రొద పుట్టిస్తాయి. రేడియో స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు రొదను అణిచే మీట) తెరిచి, దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ వింటే తేడా ఇట్టే తెలుస్తుంది.

దీపం కాంతి రేడియోతో సంబంధం లేకుండా మినుకుతుంటే డెక్ మీద మాస్ట్ అడుగున ఉండే ప్లగ్గును ముందు విప్పండి. పడవ ఒక వైపు ఒరిగినప్పుడే ఆరిపోతుంటే మాస్ట్ లోపల వైరు ఎక్కడో ఒరుసుకుని పోగులు తెగాయని అర్థం, అప్పుడు మాస్ట్ దించక తప్పదు.

ఇంజను విషయంలో శబ్దాన్ని జాగ్రత్తగా వినండి. గట్టిగా ఒక్క ‘టక్’ వచ్చి ఆగితే సొలినాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) కదిలింది గానీ మోటారుకు కరెంటు చాలలేదు. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ వోల్టేజి కూలిపోతోంది. చాలా సన్నగా వినిపించినా, అసలేమీ వినిపించకపోయినా తాళం చెవి నుంచి వచ్చే సంకేతమే బలహీనంగా ఉంది. ఇంజను ఆపే లీవరు లాగి ఉంచి, ఒకరు స్టార్టర్ తిప్పుతుండగా మూడు కొలతలు తీయండి. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 10 వోల్టుల కన్నా బాగా కిందికి పడితే బ్యాటరీ చార్జి చాలకనో, లోపల సెల్ చెడో, ఇంజను బిగుసుకునో ఉండాలి. పాజిటివ్ పోస్టుకూ స్టార్టర్ పెద్ద బోల్టుకూ మధ్య, నెగటివ్ పోస్టుకూ ఇంజను మీద రంగు లేని లోహానికీ మధ్య అర వోల్టుకు మించి పోకూడదు. టక్కుమన్నా బ్యాటరీ వోల్టేజి 12.5 దగ్గర కదలకుండా ఉంటే కరెంటు పారడమే లేదు, మెయిన్ స్విచ్ లోపలి కాంటాక్టులనూ సొలినాయిడ్ కాంటాక్టులనూ చూడాలి. నాలుగైదు సార్లు నొక్కాక తిరగడాన్ని బట్టి, మీ విషయంలో నా మొదటి అనుమానం మెయిన్ స్విచ్ మీదే. ప్యానెల్ కరెంటు కూడా దాని గుండానే వెళుతుంటే రెండు రోగాలకూ అదే మూలం కావచ్చు. సంకేతం బలహీనంగా ఉన్న చోట మాత్రం ఇంజను పక్కన వైర్ల కట్ట మధ్యలో ఉండే బహుళ పిన్నుల ప్లగ్గు చాలా తరచుగా దోషి అవుతుంది.

ఇక్కడ పడవలకే ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉంది. ఇంజను అంటుకోకుండా స్టార్టర్‌ను ఎక్కువసేపు తిప్పితే, చల్లబరిచే సముద్రపు నీరు ఎగ్జాస్ట్ సైలెన్సర్‌లో నిండి, వెనక్కి సిలిండర్లలోకి వెళ్లే ప్రమాదం ఉంది. పరీక్ష సేపు నీరు లోనికొచ్చే వాల్వును మూసి, ఇంజను నడపబోయే ముందు గుర్తుపెట్టుకుని తెరవండి. మూసినట్టు రాసిన చీటీని తాళం చెవికే కట్టే అలవాటు నాది.

ఆల్టర్నేటర్ మీద మీకున్న అనుమానాన్ని తీర్చుకోవడానికి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మధ్య కొలవండి. కాసేపటికి 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్యకు చేరితే అది పనిచేస్తున్నట్టే. ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర 14.4 ఉండి పోస్టుల దగ్గర 13.5 మాత్రమే ఉంటే, మళ్లీ దారిలోని జాయింట్ల సంగతే. పెరుగుదలే లేకపోతే బెల్టు వదులును, ప్యానెల్ మీది చార్జి హెచ్చరిక దీపాన్ని చూడండి. చాలా ఇంజన్లలో ఆల్టర్నేటర్ మేల్కొనే తొలి కరెంటు ఆ దీపం గుండానే వస్తుంది, బల్బు పోతే చార్జి ఆగిపోతుంది. ఇంజను నడుస్తుండగా మెయిన్ స్విచ్‌ను ఆపు స్థానానికి తిప్పి ఇదేదీ పరీక్షించకండి, ఆ ఒక్క క్షణపు వోల్టేజి ఉప్పెనకు ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.

కొత్త బ్యాటరీని కూడా పూర్తిగా నమ్మలేం. లెడ్ యాసిడ్ రకమైతే, కొన్ని గంటలు చార్జీ వాడకమూ రెండూ లేకుండా ఉన్నాక 12.7 వోల్టుల దగ్గర నిండుగానూ, 12.2 దగ్గర సగమూ ఉన్నట్టు లెక్క. లిథియం ఫాస్ఫేట్ రకానికి ఈ లెక్క పనికిరాదు, అది చాలా మేరకు ఖాళీ అయ్యే దాకా 13 వోల్టుల పైనే నిలుస్తుంది. ఉదయానికి మాత్రమే నీరసిస్తుంటే రాత్రి దొంగ వాడకం ఉందేమో చూడండి: అన్నీ ఆపి, నెగటివ్ క్లాంపు విప్పి, దానికీ పోస్టుకూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. 50 మిల్లీ ఆంపియర్లు కనిపించినా నెలకు 36 ఆంపియర్ అవర్లు పోతాయి. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎక్కడ పడుతుందో చూడండి. మీటరు అలా ఉన్నప్పుడు పొరపాటున స్టార్టర్ నొక్కితే మీటరు పోతుంది.

ఈ పరీక్షలో బిల్జి (పడవ అడుగున నీరు చేరే చోటు) పంపు వైరును ప్రత్యేకంగా గమనించండి. అది మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, తన సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి రావడం సరైనదే, కానీ దాని జాయింటు బిల్జి నీటిలో మునిగి ఉంటే పాజిటివ్ కరెంటు నీటి గుండా లోహాల్లోకి కారుతుంది. అలా కారిన కరెంటు ప్రొపెల్లర్ షాఫ్టునూ నీటి వాల్వులనూ మామూలు గాల్వానిక్ తినివేత కన్నా ఎన్నో రెట్లు వేగంగా తినేస్తుంది. జింకు అనోడ్లు (మిగతా లోహాలను కాపాడటానికి తామే కరిగే ముక్కలు) ఈ మధ్య తొందరగా కరిగిపోతున్నాయేమో కూడా చూసుకోండి.

పడవ మొత్తం వైరింగు గురించి నా అభిప్రాయం: వేర్వేరు చోట్ల రెండు మూడు వైర్ల తొడుగు కోసి చూసినప్పుడు అన్నిటా రాగి నల్లగా ఉంటే ఆ సలహా సరైనదే, అప్పుడు కూడా మెయిన్ కేబుళ్లు, బస్‌బార్‌లతో మొదలుపెట్టి, మాస్ట్ వైర్లను అది దించే అవకాశం వచ్చినప్పుడు చేయించుకోవచ్చు. రాగి మెరుస్తుంటే జాయింట్లు చాలు. ఈ పని మీరే చేసుకోవచ్చు, ఒడ్డు కరెంటు వైపు మాత్రం ముట్టుకోకండి. అక్కడి ఎర్త్ లోపం వల్ల పడవ చుట్టూ నీటిలోకి, ముఖ్యంగా మంచినీటిలోకి, కరెంటు పాకి ఈతగాళ్ల ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. దాన్ని పడవల ఏసీ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

ముందు బల్బు పరీక్షతో నెగటివ్, పాజిటివ్ వైపుల రెండు అంకెలు, స్టార్టర్ తిరిగేటప్పటి మూడు అంకెలు తీసి రాయండి. ఆ ఐదూ ఉంటే తరువాత ఏ నట్టు విప్పాలో చెప్పగలను.